ఎర్రబొట్టు నత్త

కిటికీలోంచి ఒక చెప్పు వచ్చి సున్నం బకెట్లో పడింది.

సున్నం ఎగిరి ముఖం మీద చిందింది. అతను కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రెండో చెప్పు కూడా వస్తుందేమోనని కిటికీ వైపు చూశాడు. వచ్చింది. భుజానికి తగిలి కింద పడింది.

"ఆపు! ఆ కుంచె కింద పెట్టు! పెడతావా లేదా?"

ఆస్పత్రి కిటికీ ఊచల్ని రెండు చేతులా పట్టుకుని ఒక అమ్మాయి అరుస్తోంది.

"ఏమైందండీ?"

"చంపేసి ఏమైందండీ అంటావా!"

అతను సందులో అటూ ఇటూ చూశాడు. ఒక పక్క వార్డు, ఇంకో పక్క ప్రహరీ గోడ, మధ్యలో తను. ఇంకెవరూ లేరు. ఎవరిని చంపాడో తెలియలేదు.

ఈలోగా ఆమె వట్టి కాళ్లతో పరుగెత్తుకు వచ్చింది. వస్తూనే తడి గోడ మీద చెయ్యి వేసింది.

"చెయ్యి పెట్టకండి. పచ్చి సున్నం, కాలుతుంది."

"వాటికి కాలదా మరి?"

"వేటికండీ?"

ఆమె గోడ అడుగున చూపించింది. ట్యాంకు గొట్టం కింద, తెల్లటి పూత లోపల, గోడ బొడిపెలు బొడిపెలుగా ఉబ్బి ఉంది.

"అవి పెచ్చులు కదండీ?"

"పెచ్చులు కాదు, నత్తలు. ఒక్కోదాని మీద ఒక్కో రంగు బొట్టుంది. కళ్లు కనపడవా నీకు?"

"కనపడ్డాయండీ. అందుకే అక్కడ రెండు కోట్లు వేశాను."

ఆమె నుదురు కొట్టుకుంది.

అతని పనిలో గోడ మీద రంగు బొట్టు పెట్టేది మేస్త్రీ ఒక్కడే. ఎక్కడ చెమ్మ పట్టిందో, ఎక్కడ పూత ఎక్కువ పడాలో చూసి, పనివాడికి తెలిసేలా అక్కడ బొట్టు పెట్టిపోతాడు. అతని మేస్త్రీ అతని బావే, అక్క మొగుడు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ బొట్లు ఒకే మూల గుంపుగా కనిపించేసరికి, బావ ఈ మూల గురించి గట్టిగానే చెప్పాడనుకున్నాడు. కుంచె నిండా ముంచి మందంగా పూశాడు.

"మా బావ పెట్టాడనుకున్నానండీ."

"మీ బావెవడు మధ్యలో! నేను పెట్టాను. గోళ్ల రంగుతో. మా నాన్న కోసం."

అని ఆమె గోడ ముందు చతికిలబడి ఏడ్చింది.

ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడం అతనికి రాదు. వచ్చిందల్లా గోడ పని. గుడ్డ తడిపి తెచ్చి, ఒక్కో బొడిపె మీద సున్నం మెల్లగా తుడిచాడు. నత్తల్ని చూడటమే గానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పెద్ద గోళీకాయ కంటే పెద్దవి. గోధుమ రంగు చిప్ప. దాని మీద ముదురు పట్టీలు సుళ్లు తిరుగుతూ నడిమధ్యకు పోయి ఆగాయి. పట్టీల మీద పసుపు మరకలు, ఎవరో కుంచె విదిలించినట్టు. నోటి దగ్గర ఒక పల్చటి పొర, ఎండిన జిగురులా.

"లోపలున్నాయాండీ?"

"ఉన్నాయి. ఎండలకి ఇలాగే తలుపేసుకుని పడుకుంటాయి. గోడకి అంటుకుపోయి, వానొచ్చేదాకా కదలవు."

"ఆ పొర తీసి చూస్తే?"

"ఎండిపోయి చస్తాయి."

"మరి బతికున్నాయో లేదో..."

"వానొస్తే తెలుస్తుంది."

అతను తలెత్తి ఆకాశం చూశాడు. అందులో ఏమీ లేదు.

*

ఆమె తండ్రి మాస్టారు. మంచం కిటికీ పక్కనే. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి కాళ్లూ చేతులూ పోయాయి, మాట పోయింది. మిగిలింది కళ్లు, రెప్పలు.

ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే. తల్లి ఎప్పుడో పోయింది. కూతురు బ్యూటీ పార్లర్‌లో పని చేసేది. ఇప్పుడు సెలవు పెట్టి ఈ స్టూలు మీద కూర్చుంది.

అతను గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు తెల్లగా ఉన్నాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇతనే నాన్నా," అంది ఆమె.

మాస్టారి కళ్లు కిటికీ వైపు లేవు. ఇటు పక్క ఖాళీ గోడ వైపున్నాయి.

"తప్పైందండీ మాస్టారూ."

కళ్లు కదలలేదు.

ఆమె స్టూలు ముందుకు లాక్కుని తండ్రి చెవి దగ్గర వంగింది. "నాన్నా, నత్తకి రెండే కొమ్ములు కదా?"

ఏమీ లేదు.

"నత్త కళ్లు దాని వీపు మీదుంటాయి కదా నాన్నా?"

ఏమీ లేదు.

ఆమె లేచి అతన్ని వరండాలోకి తీసుకొచ్చింది.

"ఒకసారి రెప్ప వేస్తే అవును. రెండుసార్లు వేస్తే కాదు. సరైన మాట చెబితే అసలు పట్టించుకోడు, విసుగు. తప్పు చెప్పామా, ఊరుకోలేడు. బతుకంతా పిల్లల తప్పులు దిద్దినవాడు కదా. అందుకని నేను రోజూ తప్పులే చెబుతాను. నత్తకి ఎముకలుంటాయంటాను. నాలుక మెత్తగా ఉంటుందంటాను. టపటపా కొడతాడు రెప్పలు."

"బాగుందండీ."

"బాగుండేది. ట్యాంకు పొర్లినప్పుడల్లా ఆ గోడ తడిసేది. నాచు పట్టింది. చల్లగా, చీకటిగా, పాత గార ఊడుతూ ఉంటుంది. నత్తలకి అదే కావాలి. పొద్దున్నే తెల్లటి జిగురు చారలు గీసుకుంటూ తిరిగేవి. నాన్న అన్నం కూడా మానేసి చూసేవాడు. ఏది ఏదో గుర్తుండాలని నేను బొట్లు పెట్టాను. ఎండలొచ్చి అవి పడుకున్నాక, వానొస్తే ముందు ఏది లేస్తుందని పందెం వేసుకున్నాం. నాది ఆకుపచ్చబొట్టు. నాన్నది ఎర్రబొట్టు. పెద్దది, అంచు కాస్త విరిగింది. ఆ వాన కోసమే..."

ఆగిపోయింది.

ఆ వాన కోసమే బతుకుతున్నాడని అనబోయిందని అతనికి అర్థమైంది. గోడకు సున్నం వేస్తే ఇంత పని జరుగుతుందని అతనికెవరూ చెప్పలేదు.

*

"ఒరేయ్ సున్నం, ఎక్కడికిరా సాయంత్రమయ్యేసరికి పారిపోతున్నావు?" అన్నాడు బావ. సైట్‌లో అందరూ అతన్ని సున్నం అనే పిలుస్తారు.

"నత్తల దగ్గరికి."

"నత్తల దగ్గరికా, చెప్పుల పిల్ల దగ్గరికా?"

అతను కుంచె కడగడం మొదలుపెట్టాడు.

"రెండు చెప్పులు తిన్నవాడివి. మూడోది ఆ పిల్ల దగ్గర లేదనా నీ ధైర్యం?"

అతను ఆస్పత్రి కిటికీ గట్టు మీద ఒక మట్టి పళ్లెం పెట్టాడు. అందులో తడి ఇటుక, ఎండుటాకులు, పాత గోడ పెచ్చులు. నత్తల్ని కడిగి వాటి మీద కుదురుగా పెట్టాడు. మాస్టారు ఎప్పుడైనా ఇటు తిరిగితే ఎదురుగానే కనిపిస్తాయి. మాస్టారు తిరగలేదు.

రోజూ నీళ్లు చిలకరించాడు. ఒక్కటీ కదలలేదు. నీలంబొట్టు దగ్గర కుళ్లు వాసన వచ్చింది. ఆమె చూడకముందే తీసి పారేద్దామనుకున్నాడు.

"నాకు తెలుసు," అంది ఆమె వెనక నుంచి. "పొద్దున్నే చూశాను. నీ సున్నం మంచి గట్టిదే."

"తిట్టండి."

"తిడితే వాటికి ప్రాణమొస్తుందా? వస్తుందంటే చెప్పు, పొద్దస్తమానం తిడతాను."

పసుపుబొట్టు కూడా పోయింది. మాస్టారు గంజి మింగడం తగ్గించాడు. నర్సు చెంచాతో బతిమాలితే పెదవుల పక్క నుంచి కారిపోయేది. ఆమె రోజూ తప్పులు చెబుతూనే ఉంది. నత్తకి రెక్కలుంటాయంది. నత్త మొరుగుతుందంది. చివరికి గొంతు పోయి ఊరుకుంది.

ఆ రోజు అతను ఇంటికి వెళ్లకుండా ఒక దుకాణానికి వెళ్లాడు.

"గోళ్ల రంగు కావాలి. ఎరుపు."

"ఆవిడ రంగు ఎలా ఉంటుంది? తెలుపా, చామనచాయా?" అంది దుకాణం ఆవిడ.

"గోధుమ రంగు. పట్టీలుంటాయి."

ఆవిడ అతని వంక అదోలా చూసి సీసా ఇచ్చింది.

*

"నాన్నా! నాన్నా, ఎర్రబొట్టు లేచింది!"

ఆమె పళ్లెం తెచ్చి తండ్రి ముఖం ముందు పట్టుకుంది. ఎర్రబొట్టు నత్త ఇటుక మీద సాగుతోంది. బూడిద రంగు ఒళ్లు, తడిగా, గరుకుగా. పైన పొడుగు కొమ్ములు రెండు, కింద పొట్టివి రెండు. పొడుగు కొమ్ముల చివర ఆవగింజల్లా కళ్లు. ఆమె వేలు దగ్గరికి రాగానే ఒక కన్ను లోపలికి ముడుచుకుని, మళ్లీ బయటికి వచ్చింది.

"చూడు నాన్నా. పందెం నువ్వే గెలిచావు. ఇదిగో నీ ఎర్రబొట్టు."

మాస్టారి కళ్లు మెల్లగా ఇటు తిరిగాయి. చాలాసేపు చూశాయి.

రెప్పలు పడ్డాయి. లేచాయి. మళ్లీ పడ్డాయి. లేచాయి.

"కాదా? ఏం కాదు నాన్నా? ఎర్రబొట్టే కదా?"

రెండుసార్లు. ఈసారి గట్టిగా.

ఆమె నత్తను తీసి తిరగేసింది. చిప్ప అంచు కాగితంలా పల్చగా ఉంది. ఎదిగిన నత్తకి అంచు తెల్లగా, మందంగా, బయటికి మడత పడుతుంది. మాస్టారి ఎర్రబొట్టుకి అలాగే ఉండేది, ఒక మూల విరిగి. ఇది ఇంకా ఎదగని పిల్లది.

ఆమె తలెత్తి అతన్ని చూసింది. అతని బొటనవేలి గోరు మీద ఎర్ర మరక ఉంది.

"బయటికి నడు."

వరండాలో ఆమె అతని వైపు చూడకుండా అడిగింది. "ఎక్కడివి?"

"నీళ్ల ట్యాంకు కారే చోట. ఇటుకల బట్టీ వెనకాల. అసలు ఎర్రబొట్టు పళ్లెంలో ఆకుల కింద ఉంది."

"ఎన్ని మోకాళ్లు కొట్టుకుపోయాయి?"

"రెండే ఉన్నాయండీ నాకు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఏడుపైంది. గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆయన చూశాడు. జవాబు చెప్పాడు. నువ్వు మోసం చేశావని చెప్పాడు గానీ, చెప్పాడు."

"తప్పైందండీ."

"నీకు తప్పైందండీ తప్ప ఇంకో మాట రాదా?"

అతను బొటనవేలి మీది ఎర్ర మరక గీక్కున్నాడు.

"ఇదిగో, విను. నాకు మాత్రం ఇంకెప్పుడూ అబద్ధం చెప్పకు."

"చెప్పను."

"ఆయనకి చెప్పు. రోజూ వచ్చి ఒకటి చెప్పిపో."

*

అలా రోజుకో అబద్ధం.

"మాస్టారూ, నత్తలు చెట్టుకి కాస్తాయి." రెండు రెప్పలు.

"మాస్టారూ, నత్త చిప్పని అద్దెకి తీసుకుంటుంది." రెండు రెప్పలు.

"మాస్టారూ, మా బావ మంచివాడు." మాస్టారు బావను చూడలేదు. కాసేపాగి ఒకే రెప్ప వేశాడు. ఆమె స్టూలు మీంచి పడబోయింది.

అబద్ధం బాగా చెప్పాలంటే ముందు నిజం తెలియాలంది ఆమె. వరండా మెట్ల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేది. నత్తకి కుడి పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, దాంతోనే ఊపిరి. నాలుక మీద వేల పళ్లుంటాయి, ఆకురాయిలా గీకి తింటుంది. సున్నం కావాలి దానికి, లేకపోతే చిప్ప పల్చబడి పగిలిపోతుంది. అందుకే పాత గోడల్ని పట్టుకుని ఉంటుంది.

"మరి నా సున్నం ఎందుకు చంపింది?"

"పచ్చిది కనక. గాలికి ఆరి, ఎండి, రాయిలా అయ్యాక అయితే తినేది. నువ్వు నేరుగా మీద పోశావు."

అతను తల దించుకున్నాడు.

"ఇంకొకటుంది," అంది ఆమె మాట మార్చి. "జత కట్టే ముందు ఒకదాన్నొకటి ముల్లుతో పొడుచుకుంటాయి. వంట్లోనే తయారవుతుంది ముల్లు. సున్నంతోనే."

"నొప్పి పెట్టదా?"

"పెడుతుంది కాబోలు."

"మరెందుకు పొడుచుకోవడం?"

"నాకేం తెలుసు? నేనేమైనా నత్తనా?" అని ఆమె గభాలున లేచింది. రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగింది. "ఇది మాత్రం నాన్న దగ్గర అనకు."

అతను అనలేదు. కానీ ఆ పూట బావ పిలిచిన పిలుపులేవీ అతనికి వినపడలేదు.

రోజులు గడిచేకొద్దీ మాస్టారి రెప్పలు బరువెక్కాయి. మొదటి రెప్ప పడ్డాక రెండోది రావడానికి చాలాసేపు పట్టేది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. ఒక్కోసారి రెండోది వచ్చేదే కాదు.

"రెండోది రాకపోతే కాదన్నది అవునైపోతుంది," అంది ఆమె ఒకసారి. "నత్తకి రెక్కలున్నాయంటే అవునన్నట్టు అవుతుంది. మా నాన్న అలా అనడు. ఎంత నీరసమొచ్చినా అనడు."

డాక్టరు వచ్చి చూశాడు. ఇంటికి తీసుకెళ్లమన్నాడు. ఇంటికి వెళ్లాక ఏం చెయ్యాలని ఆమె అడిగింది. డాక్టరు పక్కనుండమన్నాడు.

*

"మా ఇంట్లో నాన్న గది కిటికీకి ఎదురుగా పెరటి గోడ ఉంది," అంది ఆమె. "వట్టి ఇటుక గోడ. గార లేదు, సున్నం లేదు. నత్తలు అక్కడ బతకవు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? సున్నం వేసి పెట్టు."

అతను ఆమె ముఖం చూశాడు. ఎగతాళేమోనని.

"చెప్పులు లోపల పెడతాలే," అంది.

మాస్టారు ఇంటికి రాకముందే అతను ఆ గోడకు సున్నం వేశాడు. జిగురు కలపలేదు, నీలిమందు కలపలేదు. నీళ్లు ఎక్కువ పోసి, పల్చగా, ఒకటే కోటు. ముందు గోడంతా చేత్తో తడిమి చూసుకున్నాడు. అది బాగా ఆరాక పళ్లెం తెచ్చి గోడ పాదాన నీడలో పెట్టాడు. అందులో మాస్టారి నత్తల్లో బతికాయో లేదో తెలియనివి కొన్ని, అతను తెచ్చిన పిల్లవి కొన్ని. ఎండకి పిల్లవి కూడా తలుపులేసుకున్నాయి.

మాస్టారిని మంచం మీద కిటికీ వైపు తిప్పి పడుకోబెట్టారు.

బావ ఊరి బయట ఒక ఫ్యాక్టరీ క్వార్టర్ల పని ఒప్పుకున్నాడు. మర్నాడే ప్రయాణం. ఎప్పటికి అవుతుందో తెలియదు. ఆ సంగతి చెప్పడానికే అతను వచ్చాడు, గుమ్మంలోనే చెప్పేశాడు. గదిలో ఆమె తండ్రి కాళ్లు తుడుస్తోంది.

"ఇవాళ్టి అబద్ధం చెప్పి వెళ్లు," అంది తలెత్తకుండా. "తర్వాత ఎవరు చెబుతారో."

అతను మంచం పక్కన నిలబడ్డాడు. మాస్టారి కళ్లు అతని మీదికి వచ్చాయి.

"మాస్టారూ," అన్నాడు. "మీ అమ్మాయంటే నాకు ఇష్టం లేదు."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

మాస్టారు చూశాడు. అతన్ని చూశాడు, కూతురిని చూశాడు, మళ్లీ అతన్ని చూశాడు. రెప్పలు పడ్డాయి. లేచాయి.

ఒకటి.

ఇద్దరూ ఎదురుచూశారు. కిటికీ తెర కదిలింది. ఎక్కడో కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు. మాస్టారి కళ్లు మూతపడ్డాయి. లేవలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది. నిద్ర పట్టింది.

"అదీ... అవునన్నట్టా?" అన్నాడు అతను.

"నిద్రపోయాడు. అది జవాబు కాదు."

"మరి మీరు?"

"అడిగింది ఆయన్ని కదా. నన్నడగలేదుగా నువ్వు."

అడగాలని అతనికి ఉంది. ఆమె అప్పటికే బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. గుమ్మం దగ్గరికి వచ్చాక వెనక నుంచి మాట వినిపించింది.

"వానొచ్చిన రోజు రా. నాన్న గెలుస్తాడో నేను గెలుస్తానో చూద్దువుగాని."

*

వాన ఆలస్యమైంది. మబ్బులు వచ్చేవి, పోయేవి. అతను నిచ్చెన మీద నిలబడి గోడ చూడటం మానేసి ఆకాశం చూసేవాడు. కుంచె నుంచి సున్నం బావ నెత్తిన కారేది.

"ఫోన్ చెయ్యరా."

"చేసి?"

"ఎలా ఉన్నారని అడుగు."

"ఆవిడే చెయ్యలేదు కదా."

"నువ్వు చెయ్యవు, ఆ పిల్ల చెయ్యదు. మీ ఇద్దరికీ నత్తలే పెళ్లి పెద్దలు."

ఒక రోజు మధ్యాహ్నం చినుకు పడింది. పడుతూనే ఒక్కసారిగా కుండపోత అయింది. అప్పుడే పూసిన గోడ మీంచి సున్నం పాలలా కారిపోతోంది. బావ నెత్తి కొట్టుకుంటున్నాడు. అతను కుంచె బకెట్లో పడేసి నడవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికిరా?"

"వానొచ్చింది బావా."

"వానొస్తే జనం చూరు కిందికి పోతారు గానీ రోడ్డు మీదికి పోతారట్రా!"

బస్సు దిగేసరికి నిలువెల్లా తడిసిపోయాడు. వీధిలో పరుగెత్తాడు. మాస్టారు కిటికీలోంచి చూస్తూ ఉంటాడు. ఎర్రబొట్టు లేవాలి. లేవకపోతే ఏం చెప్పాలో దారంతా ఆలోచించాడు.

తలుపు తీసే ఉంది. మాస్టారి గదిలో మంచం నిలువుగా గోడకు ఆనించి ఉంది. పరుపు లేదు. కిటికీ మూసి ఉంది.

అతను పెరటి తలుపు వైపు నడిచాడు.

ఆమె పెరట్లో ఉంది. గొడుగు లేదు. గోడ ముందు గొంతుక్కూర్చుని పళ్లెం వంక చూస్తోంది. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది. అతను వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"నువ్వు వెళ్లాక కొన్నాళ్లకి. పొద్దున గంజి తెచ్చేసరికి."

"ఫోన్ చెయ్యలేదే?"

"ఏమని చెయ్యను? నోటితో అంటే నిజమైపోతుందనిపించింది. నువ్వొక్కడివైనా ఎక్కడో ఉండి, మా నాన్న ఉన్నాడనుకుంటావు కదా అని."

వాన పళ్లెం మీద టపటపా కొడుతోంది. పిల్ల నత్తలు పొరలు చింపుకుని ఎప్పుడో బయటికి వచ్చేశాయి. కొమ్ములు చాచుకుని గోడెక్కుతున్నాయి. మాస్టారి నత్తలు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి. ఆకుపచ్చబొట్టు బోర్లా పడి ఉంది. ఎర్రబొట్టును ఆమె అరచేతిలో పెట్టుకుని వానకు పట్టుకుంది.

"పొద్దుట్నుంచి మబ్బు చూసి ఇక్కడే కూర్చున్నా," అంది. "మొదటి చినుకు దీని మీదే పడేలా చూశాను."

అతను దాన్ని తీసుకుని చూశాడు. అంచు మందంగా, తెల్లగా, ఒక మూల విరిగి. పొర లోపలికి కుంగిపోయింది. చిప్ప తేలిగ్గా ఉంది. లోపల ఏమీ లేనంత తేలిగ్గా.

"ఇది లేవదు," అన్నాడు. ఆమెకు అబద్ధం చెప్పనన్నాడు కదా.

"లేవదు."

"నా వల్లే."

"నీ వల్లే," అంది ఆమె. కోపం లేదు గొంతులో. ఏమీ లేదు.

ఇద్దరూ తడుస్తూ కూర్చున్నారు. గోడ మీద అతను దొంగబొట్టు పెట్టిన పిల్ల నత్త పైకి పోతూ పోతూ ఆగింది. తల ఇటూ అటూ ఆడిస్తూ సున్నాన్ని గీకుతోంది. అది పోయినంత మేరా తెల్లటి గోడ మీద సన్నటి ఇటుక రంగు చార పడింది.

"తింటోంది," అన్నాడు.

"ఊఁ."

"నేను వెళ్లనా?"

ఆమె గోడ వైపే చూస్తూ అంది. "ఆ రోజు నాన్న జవాబు సగంలో ఉండిపోయింది."

"నిద్రపోయాడన్నారుగా."

"లేచాక ఇంకోటి వేస్తాడేమోనని రోజూ చూశాను. కళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. మళ్లీ నువ్వన్న మాటే ఆయన చెవిలో చెప్పాను కూడా. వెయ్యలేకపోయాడు. నన్ను చూస్తూ ఉండిపోయాడు, అంతే."

అతను ఎర్రబొట్టును మెల్లగా పళ్లెంలో పెట్టాడు, ఎండుటాకు మీద.

"ఒకటే ఉండిపోతే అవునైపోతుంది," అంది ఆమె. "నీకు నేనంటే ఇష్టం లేదన్నది నిజమైపోతుంది. మా నాన్న తప్పుని ఒప్పనడు."

అతని వైపు తిరిగింది. ముఖమంతా వాన. ఇంకేదో చెబుతుందనుకున్నాడు.

ఆమె అతని కళ్లలోకి చూస్తూ, తండ్రిలాగే, మెల్లగా, మిగిలిపోయిన ఆ రెండో రెప్ప వాల్చి ఎత్తింది.